చెలిమె అన్న మాట

2023 నవంబరు 18, శనివారం, ఉదయం పది గంటల ఇరవై నిమిషాలు. ఆ నాటి డైరీలో ఈ సమయం రాసి ఉన్నది. దయ్యాల మీద నాకు ఏనాడూ నమ్మకం లేదు. నేను ఆడిట్ పని చేసేవాడిని. లెక్క కుదరకపోతే కూడికలో తప్పు వెతుకుతాను తప్ప మరో కారణం ఊహించను. ఈ ఒక్క లెక్కలో ఆ తప్పు నాకు దొరకలేదు.

ఆ ఉదయం సుబేదారిలోని మా ఇంటికి సునీత, ఆమె కూతురు కృప వచ్చారు. సునీత నా స్నేహితుడు శామ్యూల్ భార్య. మడికొండ దగ్గర లారీ ఢీకొని శామ్యూల్ చనిపోయేనాటికి కృపకు ఇంకా ఏడాది నిండలేదు. ఇప్పుడు ఇరవై నాలుగేళ్లు. చిన్నతనం నుంచే ఆమెకు వినికిడి తగ్గుతూ వచ్చింది. కుడి చెవి ఎప్పుడో పోయింది. ఎడమ చెవికి ఆ వచ్చే శుక్రవారం హైదరాబాదులో ఆపరేషన్. లోపల యంత్రం అమరుస్తారు. దానితో మాటలు తెలుస్తాయి గాని, సొంతంగా మిగిలి ఉన్న కాస్త వినికిడి పోవచ్చునని డాక్టరు ముందే చెప్పాడు.

"మెషిన్ పెట్టినంక వినబడ్తదట పెద్దబాపు. గని మా డాడీ గొంతు నాకు నా చెవితోనే ఇనాలె. ఒక్కసారన్న" అన్నది కృప.

వాళ్ల దగ్గర ఫొటోలున్నాయి, గొంతు లేదు. పెళ్లి వీడియోలో మాటలన్నీ తీసేసి, మొదటి నుంచి చివరిదాకా పాటలు అతికించారు. మిగిలినవి నా బీరువాలోని క్యాసెట్లు మాత్రమే.

శామ్యూలూ నేనూ స్టేషన్ ఘన్‌పూర్ పక్క పల్లెల వాళ్లం. కాజీపేటలో, సికింద్రాబాదులో కాలేజీ కుర్రాళ్ల రాక్ షోలు ఎక్కడ జరిగినా వెళ్లేవాళ్లం. అతను చొక్కా జేబులో చిన్న రికార్డర్, కాలర్‌కు మైకు పెట్టుకొని జనం మధ్య నిలబడి రికార్డు చేసేవాడు. ఇంటికి వచ్చాక ఇద్దరం కూర్చొని నాణ్యత తేల్చేవాళ్లం. తాళాల మోత చెదరకుండా ఉన్నదా, బాస్ గిటారు డ్రమ్ములో కలిసిపోయిందా, పక్కవాళ్ల ఈలలు పాటను మింగేశాయా అని చూసేవాళ్లం. మా కొలతకు నీళ్ల పేర్లు పెట్టుకున్నాం: తేట, కలక, బురద. తేల్చిన మాటను లేబుల్ మీద శామ్యూల్ రాసేవాడు.

మాకొక నియమం ఉండేది. రికార్డు చేసేవాడు చప్పట్లు కొట్టరాదు, మాట్లాడరాదు. అతని గొంతు టేపు మీద పడితే ఒక మెట్టు తగ్గించాలి. శామ్యూల్ టేపు ఒక్కటీ ఆ కారణంగా తగ్గలేదు. దగ్గు వస్తే రుమాలు నోట్లో కుక్కుకునేవాడు. మీట నొక్కి ఆపిన తరువాతే నోరు విప్పేవాడు.

అంటే, అతను ఎంత బాగా రికార్డు చేశాడో అంత బాగా తనను తాను చెరిపేసుకున్నాడు. ఈ సంగతి చెబుతుంటే కృప నా పెదవులనే చూస్తున్నది. పూర్తయ్యాక నవ్వింది.

"మా డాడీ మాట్లాడకపాయె, నేను ఇనకపోతి. తండ్రీబిడ్డలం మంచిగనే కుదిరినం."

సునీత మొహం తిప్పుకున్నది.

ఆఫీసుకు సెలవు పెట్టి అరవై రెండు క్యాసెట్లూ విన్నాను. పాటలు కాదు, పాటల మధ్య ఖాళీలు. విన్నదాన్ని విన్నట్టే కంప్యూటర్‌లోకి ఎక్కించాను. జీవితమంతా నేను తప్పుగా ఎంచిన రొద కోసం ఇప్పుడు ప్రాధేయపడుతున్నట్టుగా ఉండేది నా పరిస్థితి. ఒకచోట ఎవరో మైకు పక్కనే గొంతు సవరించుకున్నారు. ఫోన్‌లో సునీతకు వినిపించాను. మరోసారి పెట్టమన్నది. "ఆయనది గాదు బావా" అన్నది.

బుధవారం నాటికి వినవలసింది ఏమీ మిగలలేదు. ఎవరిదో ఒక గొంతు వినిపించి ఇదే మీ నాన్నది అంటే ఆ పిల్లకు తేడా తెలియదు గదా అన్న ఆలోచన కూడా వచ్చింది. ఆ గొంతు సవరింపును రెండుసార్లు విడిగా కత్తిరించి పెట్టాను, రెండుసార్లూ తుడిచేశాను.

గురువారం మధ్యాహ్నం, హైదరాబాదు ప్రయాణానికి ముందు వాళ్లు మళ్లీ వచ్చారు. దొరకలేదని చెప్పాను. అయితే తన తండ్రి నిలబడి ఉన్న షో ఏదైనా ఒకటి పెట్టమన్నది కృప. కాజీపేట కాలేజీ మైదానంలో రికార్డు చేసిన క్యాసెట్ తీశాను. లేబుల్ మీద శామ్యూల్ చేతివ్రాత: తేట. ఆమె చెవికి తగిలించుకున్న వినికిడి మిషన్ తీసి పక్కన పెట్టి, ఎడమ చెవిని స్పీకరుకు ఆనించి, రెండు చేతులు దాని మీద ఉంచి కళ్లు మూసుకున్నది.

చివరి పాట అయిపోయింది. చప్పట్లు. నేను టేప్‌డెక్ ముందు నిలబడి శబ్దం స్థాయి చూపే ముల్లును గమనిస్తున్నాను. అది చప్పట్లతోబాటే మెల్లగా దిగిపోయింది. కృప కళ్లు తెరిచింది.

"పెద్దబాపు, చెలిమె అంటే ఏంది?"

ఆ మాట ఎక్కడిదని అడిగాను.

"డాడీ అన్నడు. నన్ను గాదు, నిన్నే. 'అన్నా, ఇది చెలిమె' అన్నడు."

ఎండాకాలంలో వాగు ఎండితే ఇసుకలో చిన్న గుంట తోడుతారు. మొదట ఊరిన నీళ్లు పారబోసి ఆగితే, అడుగున ఇసుక రేణువులు లెక్కపెట్టగలిగినంత తేరిన నీళ్లు ఊరుతాయి. అదే చెలిమె. మా కొలతలో తేటకు పైమెట్టు అది. మధ్యలో టేపు ఉన్నదన్న సంగతే మరిచిపోయేలా ఉండాలి. ఆ మెట్టుకు చేరిన టేపు ఇంకా ఒక్కటీ లేదని శామ్యూల్ అనేవాడు. అందుకే ఏ లేబుల్ మీదా రాయలేదు. నా డైరీలన్నీ తరువాత తిరగేశాను, వాటిలోనూ లేదు. సునీత సికింద్రాబాదులో పెరిగింది. ఆ మాట ఇంట్లో ఏనాడూ వినలేదన్నది.

వెంటనే టేపు వెనక్కి తిప్పి మళ్లీ పెట్టాను. సరిగ్గా ఆ చోటికి వచ్చేసరికి టేపు రోలరుకు చుట్టుకొని నలిగి తెగింది. అంతకు ముందే చేసి పెట్టిన కంప్యూటర్ ప్రతిలో అదే చోటు హెడ్‌ఫోన్ పెట్టుకొని విన్నాను. చప్పట్లు, దూరంగా ఒక ఈల, మీట నొక్కిన టిక్కు. మాట లేదు.

కృప వినికిడి పరీక్ష కాగితం చూశాను. ఆమెకు మిగిలినది డ్రమ్ము దెబ్బల వంటి మంద్ర శబ్దాలే. 'చ' వంటి పదునైన అక్షరాలు ఆమెకు అందవని పరీక్ష చేసినామె వివరించింది. పెదవులు చూసి పట్టుకుందామంటే అక్కడ పెదవులు లేవు. పుస్తకంలో ఎక్కడైనా చూసి ఉంటుందా? మాట చూడవచ్చు. అది ఒక టేపుకు చెల్లుతుందని ఏ పుస్తకంలో ఉంటుంది?

ఆపరేషన్ బాగానే జరిగింది. ఇప్పుడు కృప ఫోన్‌లో మాట్లాడుతున్నది. మొదట్లో అందరి గొంతులూ రేకు డబ్బాలో నుంచి వచ్చినట్టున్నాయన్నది. కంప్యూటర్ ప్రతిని ఆమెకు పంపాను. అందులో ఏమీ లేదని, లేకపోయినా ఫికర్ లేదని చెప్పింది.

ఆడిట్ చేసేవాడిని కనుక చివరికి మిగిలింది రాస్తున్నాను. పోయినవి: ఆమె ఎడమ చెవిలో సొంతంగా మిగిలిన వినికిడి, ఆ క్యాసెట్ చివరి మూరెడు టేపు. దక్కినవి: మాట లేని ఒక ప్రతి, 'తేట' అన్న లేబుల్. నియమం ప్రకారం గొంతు పడింది కనుక ఒక మెట్టు దించాలి, శామ్యూల్ చెప్పిన ప్రకారం ఒక మెట్టు ఎక్కించాలి. నేను ఏదీ చేయలేదు.

ఇంకొకటి దక్కింది. ఒక మాట. అది నాతో అన్నదే, నా చెవిన మాత్రం పడలేదు.