సారుకు కాల్చిన సరం

ఆ రోజుల సంగతి నన్ను అడగండి, మా వదినను అడగకండి. పులివెందులలో ఉండే ఆవిడ ఏ పెళ్ళిలో పక్కన కూర్చున్నా, జమ్మలమడుగు కుర్రాళ్ళు ఆఫీసరు మీద బాంబులు వేశారనీ, అందుకే నేను పనిచేసిన సాయంకాలపు కేంద్రం మూతపడిందనీ మొదలుపెడుతుంది. మొదట్లో ఒకటే బాంబు. తర్వాత రెండయ్యాయి. పోయిన శ్రావణంలో వినేసరికి ఆఫీసరు జీపు కూడా తగలబడింది. (ఆయన ఆటోలో వచ్చాడు.) ఆవిడ ఆరోజు అక్కడ లేదు, నేనున్నాను. కాలింది టపాకాయల సరం. కేంద్రం మూతపడింది దానివల్ల కానే కాదు.

రాష్ట్రం విడిపోయిన కొత్త. నాకు ముప్పై దాటాయి. చేతిలో డిగ్రీ ఉంది, నోరుంది, ఈ రెండింటితో లోకాన్ని దారిలో పెట్టొచ్చన్న నమ్మకం కూడా ఉంది. రోజూ ప్రొద్దుటూరు నుంచి బస్సులో వెళ్ళి జమ్మలమడుగులోని ఆ కేంద్రంలో పనిచేసేదాన్ని. బడి మానేసి, క్రికెట్ బెట్టింగు వాళ్ళకు కబుర్లు మోస్తూనో, నాయకుల సుమోల్లో వెనక సీటు నింపుతూనో తిరిగే కుర్రాళ్ళకు సాయంత్రాలు మోటారు వైండింగు నేర్పించి, ఆ తర్వాత కబడ్డీ ఆడించడం మా పని. అందరిలోకీ మొండివాడు గడ్డపార. (ఆ పేరెందుకొచ్చిందో పోలీసులకు బాగా తెలుసు.) వచ్చిన కొత్తలో నా చెప్పులు కేంద్రం కప్పు మీదికి విసిరి, నేను వట్టికాళ్ళతో బస్టాండుకు నడుస్తుంటే వెనక ఈల వేశాడు. అలాంటివాడు కొన్నాళ్ళకు మైలవరం వైపు ఒక రైతు దగ్గర కాలిపోయిన బోరు మోటారు విప్పి, రాగితీగ చుట్టి, మళ్ళీ నీళ్ళు పోయించాడు. వాణ్ణి పెంచిన అవ్వ ఆ సాయంత్రం వచ్చి నా చేయి పట్టుకుంది. "పొద్దుమునిగినాంక వాడు యాడుండాడో నాకు తెలుస్తాండేది ఇప్పుడే తల్లీ. ఈ తలుపు మాత్రం మూయొద్దండి."

ఆ తలుపు తెరిచి ఉండాలా వద్దా తేల్చడానికి రాజధాని నుంచి ఒక ఆఫీసరు వచ్చాడు. కోస్తా మనిషి, కళ్ళద్దాల సారు. కడపలో దిగింది మొదలు 'అక్కడ సాయంత్రం అయ్యాక ఉండొచ్చా' అని కనబడినవాళ్ళనల్లా అడుగుతూనే వచ్చాడట. మా కుర్రాళ్ళకు ఆ సంగతి తెలియదు. వాళ్ళకు తెలిసిన మర్యాద ఒకటే. పెద్దమనిషి ఊళ్ళోకొస్తే వాకిట్లో సరం కాల్చాలి, మెడలో దండ వేయాలి, శాలువా కప్పాలి. పుట్టినప్పటినుంచీ ప్రతి నాయకుడికీ అదే చూశారు. నిధులిచ్చే మనిషికి అంతకంటే తక్కువ చేస్తారా? అందరూ తలా కొంచెం వేసుకుని నాకు చెప్పకుండా తెచ్చారు.

సారు ఒక కాలు లోపల పెట్టాడో లేదో, వెనక సరం అంటుకుంది. ఆయన వైండింగు బల్ల కింద తేలాడు. అంత వేగం నేను మా కబడ్డీ జట్టులో కూడా చూడలేదు. గడ్డపార శాలువా పట్టుకుని బల్ల పక్కన గొంతుక్కూర్చుని శానా వినయంగా అడిగాడు: "సార్, ఇంగొక సరం ఉండాది. అది గూడా అయినాంక లేస్తారా?"

రాగితీగ చెవికి తగులుకుని సారు బయటికొచ్చాడు. టీ తాగాక అందుకున్నాడు. "ఏం మార్చారమ్మా వీళ్ళని? బాంబుల సంస్కృతి అలాగే ఉంది."

"అవి టపాకాయలు సార్. ఏడాదిగా మా పిల్లల మీద ఒక్క కేసు లేదు. స్టేషన్లో మీరే కనుక్కోండి."

"కేసులే లేవా? అయితే సమస్య లేనట్టే కదా, ఇక నిధులెందుకు?"

నాకు ఒళ్ళు మండింది. "వాళ్ళు మారలేదంటే పని చేయలేదని ఇవ్వరు. మారినారంటే అవసరం లేదని ఇవ్వరు. మరి యా పిల్లోళ్ళను చూపిస్తే ఇస్తారు సార్? పోలియో లేని ఊళ్ళో చుక్కలు ఆపేస్తాండారా?"

"మీరు వాదిస్తున్నారు."

"వాదిస్తానే ఉండా సార్. జవాబు చెప్పండి."

"కొత్త రాష్ట్రం, పద్దు లేదమ్మా" అని ఆయన లేచాడు. మనిషి వెళ్ళేటప్పుడైనా కాలుద్దామనుకున్న రెండో సరం గడ్డపార చేతిలోనే ఉండిపోయింది. నేను కళ్ళురిమాను మరి.

కేంద్రానికి తాళం పడినరోజు వాడు అడిగాడు. "అక్కా, మేం సరం కాల్చకపోయింటే దుడ్లు ఇచ్చిండేవాళ్ళా?"

"లేదు నాయనా, మీ తప్పేం లేదు."

వాడు నమ్మలేదు. మళ్ళీ సుమో ఎక్కాడు. ఎవరో చెబితే ఎవరినో కొట్టాడు. దెబ్బ తిన్న మనిషి ఇప్పటికీ కర్రతోనే నడుస్తాడు. అవ్వను కడప జైలుకు తీసుకెళ్ళింది నేనే. కమ్మీల అవతల నుంచి వాడే, "బువ్వ బాగానే పెడతాండారులే అవ్వా" అని ఓదార్చాడు.

వాదనలో నెగ్గితే చాలు, నిధులు వాటంతటవే వస్తాయనుకున్న ఆ ముప్పై ఏళ్ళ మనిషిని తలచుకుంటే నాకిప్పుడు నవ్వొస్తుంది, వెంటనే ముద్దొస్తుంది. వయసు పెరిగింది గానీ నోరు తగ్గలేదు. కళ్ళద్దాల సారు ఎక్కడైనా కనబడితే ఒక్కటే అడగాలి. సాయంత్రం పూట ఒక గదీ, ఒక వైండింగు మాస్టరూ అంటే పద్దు లేదన్నారు. గడ్డపార వెనక తిరిగిన పోలీసు జీపుకూ, కోర్టు వాయిదాలకూ, జైల్లో పూటపూటా కూటికీ పద్దు లేదని ఒక్కరూ అనలేదే, అప్పుడు లేని డబ్బు ఇప్పుడు యాడనుంచి వచ్చింది సారూ?