పావురాలు తినేసిన పటం

గ్రామాభివృద్ధి చదువును సింగపూర్‌లో నవ్వులపాలు చేసిన ఘనత ఎవరిదని ఎవరైనా అడిగితే, మొహమాటపడకుండా నా పేరు చెప్పండి. నేనేమీ సిగ్గుపడను. నా వంతు సిగ్గంతా ఆ ఒక్క పూటలోనే ఖర్చయిపోయింది.

అప్పట్లో నేను ఇక్కడి బ్యాంకులో కంప్యూటర్ ఉద్యోగం చేస్తూ, శని ఆదివారాల్లో ఆన్‌లైన్‌లో గ్రామీణాభివృద్ధి మేనేజ్‌మెంట్ చదివేదాన్ని. కోర్సు పాసైతే శ్రీకాకుళం వైపు ఒక స్వచ్ఛంద సంస్థ ఉద్యోగం ఇస్తానంది. పాసవడం ఎలాగూ ఖాయమని బ్యాంకులో రాజీనామా కూడా ఇచ్చేశాను. నా తెలివి అలాంటిది.

మిగిలింది ఒక్క ఫీల్డ్‌వర్క్. ఊరివాళ్లను కూర్చోబెట్టి, నేలమీద ముగ్గుతో వాళ్ల ఊరి పటాన్ని వాళ్లచేతే గీయించి, కష్టాలు వాళ్లనోటే చెప్పించాలి.

"ఇండియా రాలేకపోతే మీరున్నచోటే చేయండి. కానీ మీరు మాట్లాడకండి, వినండి," అన్నారు ప్రొఫెసరుగారు. నేను మొదటి సగమే తలకెక్కించుకున్నాను.

నేనుండే హౌగాంగ్ పేటలో, మా అపార్ట్‌మెంట్ బ్లాకు కింద పొద్దున్నే కబుర్లాడుకునే నలుగురు తెలుగు ఆంటీలను పట్టుకున్నాను. ముగ్గుపిండి దొరక్క రెండు కిలోల బియ్యప్పిండి తెచ్చాను.

"ఇక్కడ మీకున్న కష్టాలేంటో చెప్పండాంటీ."

"మాకేం కష్టాలమ్మా," అంది మలేషియాలో పుట్టి పెరిగిన సరోజా ఆంటీ. "నీ మకాన్ అయిందా?" మకాన్ అంటే మలయ్‌లో తిండి. "ఇడ్లీ ఉంది, తిను."

"అది కాదాంటీ, మీరంతా పటం గీయాలి."

"నువ్వే గీయమ్మా, మేం చూస్తాం. మా మోకాళ్లు వంగవు."

గీశాను. లిఫ్టు, బస్టాపు, మార్కెట్టు, అన్నీ నేనే. ఫొటో తీద్దామని ఫోన్ కోసం అటు తిరిగి ఇటు చూసేసరికి మొదటి పావురం బస్టాపులో దిగింది. నిమిషంలో హౌగాంగ్ పావురాలన్నీ పంక్తి భోజనానికి కూర్చున్నాయి. నా ఉద్యోగాన్ని కళ్లముందే పొడుచుకు తింటుంటే ఏడుపొచ్చింది. చున్నీతో తోలుతుండగా నోట్‌బుక్ పట్టుకుని, మా పేట బాగోగులు చూసే ఆఫీసరు ఒకాయన వచ్చాడు. ఇక్కడ పావురాలకు తిండి పెడితే జరిమానా వేస్తారు.

"మిస్, బర్డ్ ఫీడింగ్ కెనాట్ లా," అన్నాడు, ఇక్కడివాళ్లు ప్రతి మాట చివరా తగిలించే 'లా'తో సహా.

"నో సర్, దిసీజ్ రూరల్ డెవలప్‌మెంట్," అన్నాను.

ఆయన పదహారంతస్తుల బ్లాకు వైపు ఒకసారి, నావైపు ఒకసారి చూశాడు.

సరోజా ఆంటీ లేచింది. నన్ను కాపాడబోతోందని పొంగిపోయాను.

"ఆఫీసర్, ఈమె సంగతి లేటర్ లా. ఫస్ట్ మా లిఫ్ట్ చూడు. వీక్లీ టూ టైమ్స్ స్పాయిల్."

"విచ్ లిఫ్ట్, ఆంటీ?"

అంతే. వంగని మోకాళ్లు నాలుగు జతలూ ఆయన వెంట నడిచాయి. వానొస్తే జారే మెట్లు, విరిగిన బెంచీ, దీపం వెలగని సందు, అన్నీ చూపించారు. ఆయన "ఓకే ఆంటీ, దెన్?" తప్ప ఇంకో మాట అనలేదు. నోట్‌బుక్‌లో పటం గీసుకుని, ఎక్కడేముందో వాళ్లనే గుర్తు పెట్టమన్నాడు.

తిరిగొచ్చి నన్ను మందలించి వదిలేశాడు. పిండంతా నాచేతే ఊడ్పించాడు.

ఇంకో ప్రయత్నానికి వ్యవధి లేక, జరిగింది జరిగినట్టు రాసి పంపాను. ప్రొఫెసరుగారు ఫోన్ చేశారు.

"పాస్ చేస్తున్నానమ్మా. ఈ పని ఎలా చేయకూడదో ఇంత వివరంగా ఎవరూ రాయలేదు."

"థాంక్యూ సర్."

"ఒక చిన్న సాయం. ఆ శ్రీకాకుళం ఉద్యోగానికి ఆ ఆఫీసరుగారు వస్తారేమో కనుక్కుంటావా?"

ఆ రోజే, పిండి ఊడ్చిన చీపురు సాక్షిగా ప్రమాణం చేశాను. ఇక ఈ జన్మలో ఎవరి ఊరి పటాన్నీ నా చేత్తో గీయను. గీయక తప్పని రోజొస్తే, తినే వస్తువుతో మాత్రం గీయను.