తిట్టినాయనకు వెళ్లొస్తామని చెప్పడం

మా ఆయన పోయాక బెల్లం యార్డు గేటు దగ్గర టిఫిన్ బండి పెట్టుకున్నాను. మా అమ్మాయి ఇంటర్ అయ్యి, కంప్యూటర్ నేర్చుకుని, పెళ్లికార్డులు వేసే షాపులో టైపింగుకి కుదిరింది. కుదిరిందంటే పూర్తిగా కుదరలేదు. ఒక్క కార్డు బాగా చేసి చూపించు, అప్పుడు పని నీదే అన్నాడు షాపాయన.

ఆ కార్డు ఉపమాకలో జరిగే పెళ్లిది. అమ్మాయి టైపు చేసి పెట్టింది. ఈలోగా కంప్యూటరుకు వైరస్ పట్టిందని ఎవరినో పిలిచి, లోపలున్నదంతా చెరిపించి కొత్తగా ఎక్కించారు. కార్డును సీడీలో దాచారు కాబట్టి అది పోలేదు. కానీ తెరిస్తే తెలుగు లేదు, అన్నీ ఇంగ్లీషు పిచ్చిగీతలు. షాపాయన వైజాగ్ వెళ్తూ, "రేపు సాయంత్రం వత్తాను, కార్డు రడీగా ఉండాల. లేకపోతే ఇంకోల్ని సూసుకుంటాను" అని చెప్పేసి వెళ్లాడు.

ఒక్కతే వెళ్లడం ఇష్టం లేక అమ్మాయి నన్ను నెట్ సెంటరుకు తోడు తీసుకెళ్లింది. చెప్పులు బయట విడిచి ఏసీ గదిలోకి వెళ్లాలి.

"కంప్యూటర్ తెలిసినోళ్లంతా ఇక్కడ కూడతారమ్మా. అడిగితే సెప్తారు."

"ఎక్కడున్నారే?"

"ఇందులోనే," అని కంప్యూటర్ తెర చూపించింది.

నాకు ఒక్క మనిషీ కనపడలేదు. అది టకటకా కొట్టడం మొదలుపెట్టింది.

"ఏటి రాసేవు?"

"తెలుగు అచ్చరాలు రావట్లేదు, ఏటి సెయ్యాల అని."

"అలగెలా అడిగేత్తావే? ఎవరి పిల్లవో సెప్పేవా? బాగున్నారా అని ఒక్కమాటడిగేవా?"

"ఇక్కడ అలగుండదమ్మా."

"ఎక్కడైనా మనుసులే కాదేటి?"

చెప్పులు విడిచి వెళ్లేచోట ఆ మాత్రం మర్యాద ఉండదా అనుకున్నాను. నేను చెబుతుంటే అది మొహం ముడుచుకుని ఇంగ్లీషులో కొట్టింది. అందరూ బాగున్నారా అని అడిగించాను. తండ్రి లేని పిల్లనని, కార్డువాళ్ల పెళ్లి దగ్గర పడిందని, వైరస్ వస్తే అంతా చెరిపి మళ్లీ ఎక్కించారని, షాపాయన రేపు వస్తాడని, ఒక్కటీ వదలకుండా చెప్పించాను.

కాసేపటికి జవాబులొచ్చాయి. అమ్మాయి చదివి నాకు తెలుగులో చెప్పింది. ఒకాయన "రండి సోదరీ, స్వాగతం" అని ఊరుకున్నాడు. ఇంకొకాయన, ఇదివరకు చాలామంది అడిగారు, వెతుక్కోండి అన్నాడు. మూడో ఆయన మాత్రం, ఇది కష్టసుఖాలు చెప్పుకునే చోటు కాదు, రూల్సు చదివి అప్పుడు రండి అన్నాడు. అమ్మాయి చటుక్కున లేచిపోయింది.

"నీ మాటిని అందర్లోనూ నవ్వులపాలయ్యేను."

రాంబిల్లి బస్సు ఎక్కడాగుతుందని రోజూ నా బండి దగ్గర ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. నిన్న ఇంకొకడు అడిగాడు, నువ్వు వెతుక్కో అని నేనెవరినీ అనలేదే. పెనం మీద అట్టు మాడుతున్నా చెయ్యెత్తి చూపిస్తాను.

ఇంటికొచ్చాక గుర్తొచ్చి అడిగాను. "ఒలే, ఆళ్లకి ఎల్లొత్తామని సెప్పేవా?"

"తిట్టినోడికి కూడానేటి?"

"అడగడానికి ఎల్లింది మనం. సెప్పకుండా వచ్చేత్తామేటి?"

మర్నాడు బండి కట్టేశాక బలవంతంగా తీసుకెళ్లాను. నెట్ సెంటర్ అబ్బాయి నన్ను చూసి, "ఏటత్తా, నువ్వూ సాటింగు మొదలెట్టేవేటి?" అన్నాడు.

"నీతో మాటాడ్డానికే ఓపిక లేదు, ఇంకెవరితోటి నాయనా."

అమ్మాయి తెరిచింది. తిట్టినాయనే కింద మళ్లీ చాలా రాసి ఉన్నాడు.

"మళ్లీ తిట్టేడా?"

"తిట్టేడు. ఉండమ్మా, ఆ అబ్బాయిని పెన్నివ్వమను."

ఇంత చెప్పారు గానీ పనికొచ్చేది ఒక్క ముక్కే, అంతా చెరిపి మళ్లీ ఎక్కించారన్నది, అది ముందు చెప్పాలి కదా అని కసిరాడట. ఆ తర్వాత తెలుగు అక్షరాలు మళ్లీ ఎలా ఎక్కించాలో, ఏది ముందు నొక్కాలో, ఎప్పుడు కంప్యూటర్ ఆపి తెరవాలో చిన్నపిల్లకు చెప్పినట్టు వరసగా రాశాడట. ఎందుకొచ్చామో మరిచిపోయి షాపుకు పరిగెత్తాం. ఆయన చెప్పినట్టే అమ్మాయి చేసింది. కార్డు మీద శ్రీరస్తు అని కనపడింది. ఆ మాట నేనూ పోల్చుకోగలను, ప్రతి కార్డు మీదా ఉంటుంది కదా.

షాపాయన వచ్చి చూసి, "రేపట్నుంచి తొమ్మిదికల్లా వచ్చెయ్" అన్నాడు.

అప్పుడు మళ్లీ నెట్ సెంటరుకు వెళ్లి తిట్టినాయనకు రాయించాను. మీ చలవ వల్ల పని దొరికింది, మా అమ్మ కూడా చెప్పమంది, వెళ్లొస్తాం అని. ఆయన వెంటనే జవాబిచ్చాడు. ఉత్త థాంక్సులు రాసి చోటు పాడుచెయ్యొద్దట. అమ్మాయి పకపకా నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

సోదరీ అన్నాయన ఒక్క ముక్క చెప్పలేదు. బాగున్నావా అనడానికి తీరికలేని మనిషి మాత్రం కూర్చుని అంతా రాశాడు. ఆయన ఎప్పుడైనా మా బండి దగ్గరికి వస్తే ముందు కుశలం అడగాలో, ఎన్ని ఇడ్లీలు పెట్టమంటావని నేరుగా అడగాలో నాకిప్పటికీ తెలియదు.