ముకిబి ఉత్తుత్తి పనివాడు

ముకిబికి ఒకటే పిచ్చి. ఏ పనైనా ముందు ఉత్తుత్తిగా చేసి చూడందే అసలు పని ముట్టడు.

కంపాలాలో అతను పనిచేసే కంప్యూటర్ ఆఫీసులో కరెంటు పోతే జనరేటర్ వేసే కగ్వాకి ఈ పిచ్చి బాగా తెలుసు. పిల్లనడగడానికి వెళ్లేముందు ముకిబి అతన్నే కూర్చోబెట్టి మామగారి వేషం కట్టించాడు. ఔను అనమన్నాడు. తర్వాత కాదు అనమన్నాడు. ఆ తర్వాత, "ఇప్పుడు అసలేమీ అనకు, నేనెంతసేపు ఓర్చుకుంటానో చూడాలి" అన్నాడు. కగ్వాకి నడుం పట్టేసింది. తీరా వెళ్తే అసలు మామగారు ఈ మూడూ చెయ్యలేదు. ఉడికించిన అరటికాయ ముద్ద, మటోకె వడ్డించి, తనూ తిని, నిద్రపోయాడు. ఆ నాలుగోది ముందే తట్టనందుకు ముకిబి చాన్నాళ్లు కుమిలిపోయాడు.

ఆఫీసులోనూ అంతే. అతని ప్రోగ్రాముకి పాత ఫైళ్లు చెరపాలంటే, కంప్యూటర్లో ఒక పనివాణ్ణి, అంటే ఇంకో చిన్న ప్రోగ్రాముని, పుట్టించి వాడికి పురమాయిస్తది. పరీక్షించేటప్పుడు మాత్రం ఆ పనివాడి చోట ముకిబి ఒక ఉత్తుత్తి వాణ్ణి పెడతాడు. చెప్పింది విని వాడు 'చెరిపేశానండీ' అని ఊరుకుంటాడు. దేన్నీ ముట్టుకోడు.

"పని సరిగ్గా చెప్పామా లేదా, అదే కదా చూడాల్సింది. దానికి కొంప తగలెట్టుకోవాలా?" అంటాడు ముకిబి.

కొత్తగా చేరిన నబ్బోసాకి ఇదంతా చాదస్తం అనిపించింది. ఒక పొద్దున తొందరలో ఉత్తుత్తి వాణ్ణి పెట్టకుండానే పరీక్ష నడిపేసింది. పైగా ఏం చెరపాలో తప్పు చెప్పింది. పాల సంఘం వాళ్లు నమ్మి ఇచ్చిన ఫైళ్లన్నీ చెరిపేశానని తెర మీద పడింది. ఇంకా పర్మినెంటు కాని పిల్ల. ఉద్యోగం ఊడినట్టేననుకుని, ఏడుస్తూ కప్పూ చెప్పులూ బ్యాగులో కుక్కుకుంటోంది. కగ్వా పోయి ముకిబిని లాక్కొచ్చాడు.

కాల్చిన అరటికాయ నములుతూ వచ్చాడు ముకిబి.

"చెరిపేశానన్నది ఎవరమ్మా?"

"కంప్యూటరే, సార్."

"కాదు, నా వాడు. నువ్వు చేరకముందే నీ మిషన్లో అసలు వాణ్ణి తీసేసి వాణ్ణి కూర్చోబెట్టా. కొత్తవాళ్లందరికీ అంతే. తెరిచి చూసుకో."

ఫైళ్లన్నీ ఉన్నాయి.

"ముందే చెప్పొచ్చు కదయ్యా?" అన్నాడు కగ్వా.

"చెప్తే ఇంక జాగ్రత్త ఎప్పుడు నేర్చుకుంటారు?"

అంతలో బాస్ వచ్చి, ఏంటీ గుంపు అన్నాడు. తన ఉత్తుత్తి వాడు పనిచేస్తున్నాడో లేదో ఈ అమ్మాయి పరీక్షించిందనీ, ఇన్నాళ్లూ ఇంకెవరికీ ఆ ధైర్యం రాలేదనీ చెప్పాడు ముకిబి.

"మరి ఏడుస్తోందెందుకు?"

దీనికి ముకిబి జవాబు సిద్ధం చేసుకోలేదు. నోరు తెరిచి కగ్వా వైపు చూశాడు.

"జనరేటర్ పొగ, సార్," అన్నాడు కగ్వా. "కళ్లు మండుతున్నాయంట."

దాన్ని బాగుచేయించడం ఎప్పటికి చాతనవుద్దని బాస్ అతన్ని దులిపేసి వెళ్లిపోయాడు. నవ్వు కనపడకుండా తలొంచుకుని ఆ తిట్లన్నీ తిన్నాడు కగ్వా. ఆ రోజు పొద్దుట్నుంచీ కరెంటు పోనే లేదు.