గంజి వాసన పోని గుడ్డను గేటు బయటే ఆపినారు

నిన్న తిరుపతిలో మా చెంగల్రాయులు సార్ ఒంటి మీద మా గుడ్డ కప్పనీయలేదు.

ఆపింది పరాయోడు కాదు. సార్ పెద్దకొడుకు సురేష్ అన్న.

నగరి నుంచి పోయినోళ్ళమంతా గేటు కాడ ఎండలో నిలబడుకోనుంటే, కార్లలో దండలు తెచ్చినోళ్ళు మా పక్క నుంచే లోపలికి పోయినారు.

సార్ ఎవరో తెలియనోళ్ళ కోసం చెప్తా.

చిత్తూరు కోర్టులో వకీలు. రిటైరైనాక తిరుపతిలో ఉన్నాడు. పుట్టింది మాత్రం నగరిలో, మగ్గం ఇంట్లో. వాళ్ళ నాయన నేసినాడు, వాళ్ళమ్మ నూలు చుట్టింది. మా వీధిలో నల్లకోటు తొడిగిన మొదటి మనిషి ఆయనే.

నేను పవర్‌లూమ్ షెడ్డులో పని చేస్తా. బడి మధ్యలో వదిలేసినోడిని. తప్పులుంటే మీరే దిద్దుకోని చదవండి.

నిన్న పొద్దున ఉన్నట్టుండి షెడ్డులో మగ్గాలన్నీ ఆగిపోయినాయి.

కరెంటు పోయిందనుకున్నా.

పోలేదు. మేస్త్రీ మెయిన్ ఆపినాడు. మగ్గాల సద్దులో ఫోన్ మోగినా తెలీదు, చెవి కాడ అరిచినా వినపడదు. పని మధ్యలో మెయిన్ ఆపినారంటే ఎవురో పోయినారని లెక్క.

"వకీలు సార్ పోయినాడప్పా" అన్నాడు.



మాలో ఒక పద్ధతి ఉండాది. మగ్గం ఇంట్లో పుట్టినోళ్ళు పోతే అంగడి గుడ్డ కప్పం. మగ్గం మీద నడస్తా ఉండే గుడ్డను ఆన్నే కోసి తీసుకుపోతాం. ఉతకం. మడత పెట్టం. గంజి వాసన అట్లనే ఉండాల. నేత సగంలో ఆగిపోయింది అని చెప్పడం అది.

నా మగ్గం మీదిదే కోసినాం. చేతుల మీద పరుచుకోని బస్సెక్కినాం. కండక్టర్ చూసినాడు. సీట్లో కూర్చున్నాయన్ని లేపి, "గుడ్డ నలగకుండా పెట్టుకోండప్పా" అన్నాడు.

బస్సు కండక్టర్‌కు తెలిసింది.

గేటు కాడ సురేష్ అన్న దాన్ని రెండు వేళ్ళతో ఎత్తి చూసినాడు.

"ఏందప్పా ఇది, మాసిన గుడ్డ మాదిరి ఉండాది? పెద్దోళ్ళు వస్తా ఉండారు. పక్కన పెట్టండి."

అన్నా, మగ్గం మీది గుడ్డ పాల మాదిరి తెల్లగా ఉండదు. అది మాసింది కాదు. ఇంకా ఎవురూ కట్టనిది.

నేను అదే చెప్పినా.

"అరవద్దు. శవముండే ఇల్లు" అన్నాడు.

'అరవద్దు' అన్న ఆ ఒక్క మాటకు నేను గుడ్డ తీసుకోని వెనక్కి జరిగినా. ఎందుకంటే ఆ మాట మా ఇంట్లో పాత మాట.

ఎనభైల్లో సంగతి. షెడ్డు ఓనర్ గేటుకు తాళమేస్తే మా తాతావాళ్ళు ఆ గేటు ముందర కూర్చున్నారు. గలాటా చేసినారని కేసు పెట్టినారు. కోర్టులో మెజిస్ట్రేటు మా తాతను పేరడిగినాడు.

తాత చెప్పినాడు. కోర్టు హాలంతా అదిరింది.

"కోర్టులో అరుస్తావా?" అన్నాడు మెజిస్ట్రేటు.

తాతకు భయమేసింది. భయమేస్తే మా గొంతు ఇంకా పెరుగుతుంది. "లేదు సామీ!" అని ఇంకా గట్టిగా చెప్పినాడు. జవాన్లు వచ్చి రెక్క పట్టుకున్నారు.

అప్పుడు సార్ లేచినాడు.

"అరవడం లేదు సార్. మాట్లాడతా ఉండాడు. మగ్గాల మధ్య బతికే మనిషికి గొంతు ఇట్లనే వస్తాది. లా చదివేటప్పుడు సెలవులకు నేనూ షెడ్డులో నిలబడినా. వారం తిరక్కముందే మా అమ్మ నన్నడిగింది, ఏందిరా అట్ల అరుస్తావని."

మెజిస్ట్రేటు పెన్ను కింద పెట్టి, "సరే, చెప్పప్పా" అన్నాడంట.

ఆ కేసు తర్వాత కొట్టేసినారు. మా తాత మాత్రం కేసు గెలిచినామని ఎప్పుడూ చెప్పలేదు. "నన్ను మాట్లాడనిచ్చినాడు" అనే చెప్పేవాడు, సచ్చేదాకా.

అప్పటి నుంచి చిత్తూరులో సార్ ఇల్లు మావోళ్ళకు సత్రమే. సార్ భార్యను మేమంతా అమ్మ అంటాం; టీచర్ పని చేసొచ్చి ఆమె మళ్ళా అందరికీ వండేది. "మెల్లగా చెప్పండప్పా, మీ కేసు వీధి కొస దాకా తెలిసిపోయింది" అని నవ్వేది. సురేష్ అన్న చెవుల్లో దూది పెట్టుకోని చదువుకునేవాడంట.

నాకు అర్థమవుతుందన్నా. ఆ వయసులో నీకు నాయన కావాల. ఆయన మాకు దొరికినాడు. ఆ కోపం నీకుంటే నామీద చూపించు. పడతా. ఆయన మీద ఎందుకు?

పోయిన ఉగాదికి సార్ నాతో చెప్పినాడు. "ఒరే, నా మీద అంగడి గుడ్డ కప్పనీయొద్దురా. మగ్గం మీదిది కోసుకోని రాండి."

నేను కత కట్టి చెప్తా ఉండానా? లోపలికి పోయి అమ్మను అడుగు. ఆ మాట చెప్పేటప్పుడు కాఫీ తెచ్చి ఆన్నే నిలబడుకోనుండింది. నిన్న మేము గేటు కాడికి వచ్చినామని ఆమెకు చెప్పినావా అన్నా?

సార్, మగ్గాల సద్దు లేని తావున నిమ్మళంగా పండుకోండి. మీ గుడ్డ మా ఇంట్లోనే ఉండాది. మడత పెట్టలేదు.

సురేష్ అన్నా, రేపు పొద్దున అస్థికలు ఎత్తుతారని తెలిసింది. ఆ కుండకు మా గుడ్డ కట్టాల. అంతా వద్దంటే జానెడు చింపి కట్టు, చాలు.

కడతావో కట్టవో ఈ పోస్ట్ కిందే, అందరూ చూసేట్టు చెప్పు. చెప్పకపోతే గుడ్డ చేతుల మీద పరుచుకోని మేమే శ్మశానం కాడికి వస్తాం.

ఆడ కూడా అరవం. మాట్లాడతాం.

ఈ సాయంత్రం ఆరు లోగా జవాబు కావాల.