పైకోర్టులో మా దావా

నా చిన్నప్పుడు మా పల్లెలో మనిషి మీద చెయ్యి వెయ్యకుండానే మనిషిని పడగొట్టే శిక్ష ఒకటి ఉండేది. దాన్ని బల్ల నుంచి తీసెయ్యడం అనేవారు. మా మందిరంలో నెలకొక ఆదివారం తెల్లగుడ్డ పరిచిన బల్ల మీద రొట్టె, ద్రాక్షరసం పెట్టి ప్రభువు బల్ల ఇచ్చేవారు. తప్పు చేశాడని సంఘం అనుకున్నవాడికి అందులో చోటు లేదు. వాడు గుమ్మం దగ్గర కూర్చుని, అందరూ ముందుకెళ్ళి మోకరించి లేచి వస్తుంటే చూస్తూ ఉండాలి. పోలీసులు పట్టుకెళ్ళినా మావాళ్ళు అంత సిగ్గుపడేవారు కారు.

రేపల్లెకి నడిచి వెళ్ళేంత దూరంలో ఉండేది మా పల్లె. మందిరం ఊడ్చడం, గంట కొట్టడం, సాయంత్రం కూటాలకి గ్యాసు లైటు వెలిగించడం మా నాన్న పని. మాకింకా కరెంటు రాలేదు. మాంటిల్ అనే చిన్న గుడ్డతిత్తి కట్టి గాలి కొడితే బుస్సుమంటూ వెలిగే ఆ లైటంటే పల్లె మొత్తానికీ గొప్ప. దాన్ని మందిరానికి కొనిచ్చింది మా సంఘపెద్ద. నాకు వరసకి తాత అవుతాడు. కాస్త సొంత పొలం, ఇంటి వెనక ఎత్తైన గడ్డివాము ఉన్న మనిషి. మేమంతా చాపల మీద కూర్చుంటే ఆయనొక్కడికే ముందు కుర్చీ వేసేవారు.

ఆ ఏడు క్రిస్మస్ వెళ్ళిన కొన్నాళ్ళకి లైటు కనబడలేదు. మందిరం తాళంచెవి ఒకటి మా నాన్న మొలతాడుకీ, ఇంకొకటి పాస్టరుగారి దగ్గరా ఉండేవి. పాస్టరుగారు సెలవు మీద సొంత ఊరు వెళ్ళారు. ఆయన్ని కనుక్కోవాలని ఎవరికీ తోచలేదు. తోచినా ఎవరూ పైకి అనేవారు కారు. పాస్టరుగారిని ఒక వస్తువు గురించి అడగడమంటే ఆయన్ని అనుమానించినట్టేనని మావాళ్ళ లెక్క. ఇక మిగిలింది మా నాన్న. ఆదివారం ఆరాధన మధ్యలో సంఘపెద్ద కుర్చీలోంచి లేచి, లైటు ఏ సంతలో అమ్మావో ఒప్పుకునేదాకా నీకు బల్ల లేదు, గుమ్మం దగ్గర కూర్చో అన్నాడు. మా నాన్న నేను తియ్యలేదండి అని ఒక్కసారే అన్నాడు. లేచి వెళ్ళి చెప్పుల పక్కన కూర్చున్నాడు. ఆ వారంలోనే బాపట్ల వైపు ఇసుక నేలల్లో కూలిపని ఉందని వెళ్ళిపోయాడు. పని కోసం కాదని మా అమ్మకి తెలుసు, నాకూ తెలుసు.

అప్పటినుంచి నాకు లోపల మంట మొదలైంది. బావి దగ్గర పిల్లలు లైటు ఎక్కడుందే అని అడిగేవారు. నాకు అన్నం సయించేది కాదు. సంఘపెద్ద రోడ్డు మీద కనబడితే ఆయన తల పగిలినట్టు, ఆయన గేదె పాలు ఎండిపోయినట్టు కళ్ళముందు బొమ్మ కట్టుకునేదాన్ని. చివరికి ఒక మధ్యాహ్నం అమ్మ కూలికి పోయిన సమయం చూసి, పొయ్యి దగ్గరున్న అగ్గిపెట్టె తీసి పరికిణీ బొడ్లో దోపుకున్నాను. మా డెల్టాలో పగ తీర్చుకోవాలంటే ఎవరైనా ముందు గడ్డివామునే చూస్తారు. అది పెద్దలు నేర్పనక్కరలేని చదువు.

గడప దాటుతుంటే మా నాయనమ్మ పిలిచింది. వడియాలు ఆరబెడుతోంది. నా నడుము దగ్గర ఎత్తుగా ఉన్నది చూసింది, నా మొహం చూసింది. తిట్టలేదు. చేతులు కడుక్కొచ్చి నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, సంఘపెద్దకి ఏమేం జరగాలని ఉందో మొత్తం చెప్పమంది. నేను చెప్పాను. వాము కాలాలి. గేదె చావాలి. పళ్ళూడిపోవాలి. వందనాలు అంటే తిరిగి వందనాలు చెప్పేవాడు పల్లెలో ఒక్కడూ ఉండకూడదు.

అప్పుడు నాయనమ్మ నన్ను మోకాళ్ళ మీద నిలబెట్టి, అదంతా దేవుడితో చెప్పమంది. నేను బిత్తరపోయాను. శత్రువుల్ని ప్రేమించమని ఆదివారం బడిలో నేర్పింది పాస్టరమ్మగారు. అయినా పంతం కొద్దీ కళ్ళు మూసుకుని ఒక్కొక్కటే చెప్పాను. గేదె దగ్గర మాత్రం నాయనమ్మ ఆపి, దాని తప్పేముందే, ఆ మాట కొట్టెయ్ అంది. మిగతా ప్రతిదానికీ ఆమెన్ అంది, పళ్ళకి కూడా.

లేచి నేను మళ్ళీ గుమ్మం వైపు నడిస్తే చెయ్యి పట్టుకుంది.

"ఎక్కడికే? దావా వేశావుగా. కోర్టులో దావా నడుస్తుండగా వాది వెళ్ళి ప్రతివాది మీద చెయ్యి చేసుకుంటే ఏమవుద్దో తెలుసా? దావా కొట్టేస్తారు. పైగా నిన్నే లోపలేస్తారు."

మా నాయనమ్మకి చదువు లేదు గానీ కోర్టు తెలుసు. మా తాతయ్య బతికుండగా ఒక గట్టు తగాదా కోసం ఏళ్ళ తరబడి తెనాలి కోర్టు చుట్టూ తిరిగాడు. సద్దిమూట పట్టుకుని ఈమె కూడా తిరిగింది. గట్టు మాకు రాలేదు గానీ కోర్టు మాటలన్నీ ఆమెకి వచ్చేశాయి. ఇది తెనాలి కోర్టు కాదని, అన్నిటికన్నా పైకోర్టని, అక్కడ జడ్జీని ఎవరూ కొనలేరని, కాకపోతే వాయిదాకి రోజూ హాజరు కావాలని చెప్పింది. నా బొడ్లోంచి అగ్గిపెట్టె తీసుకుని పొయ్యి ముట్టించి టీ పెట్టింది.

ఆ రోజునుంచి పొద్దుగూకే వేళకి మాకు వాయిదా. ఇద్దరం తూర్పు గోడ వైపు తిరిగి మోకరించేవాళ్ళం. మొదట్లో నాకు అదొక పండగ. ఎవరూ ఆపకుండా తిట్టుకోవచ్చు. కానీ కొద్దిరోజులకి నాయనమ్మ పద్ధతులు బిగించింది. ఆ కోర్టులో అబద్ధపు సాక్ష్యం చెల్లదంది. సంఘపెద్ద మా నాన్నని కొట్టాడని నేను కలిపి చెబితే, కొట్టలేదు, చెప్పుల పక్కన కూర్చోబెట్టాడు, అంతే చెప్పు అంది. ఉన్నది ఉన్నట్టు చెబితే నాకు ఏడుపు వచ్చింది. అంతకుముందు కోపమే తప్ప ఏడుపు రాలేదు.

తర్వాత ఇంకో మెలిక పెట్టింది. ప్రతివాదికి అక్కడ ప్లీడరు లేడు కాబట్టి ఆయన తరఫు మాట కూడా మనమే చెప్పాలట. నేను చచ్చినా చెప్పనన్నాను. అయితే తనే చెప్పింది. ప్రభువా, ఆ లైటు కొనడానికి ఆయన పెళ్ళాం దుద్దులు అమ్మాడు, అది పోయిందంటే ఇంట్లో ఏం చెప్పాలో తెలీక భయపడి ఉంటాడు, భయంలో దగ్గరున్నవాడి మీద పడ్డాడు అంది. నాకు ఒళ్ళు మండింది. నువ్వసలు ఎవరి వైపని అరిచాను.

"నీ వైపే. ఎదటోడి మాట చెప్పకుండా దాచిన దావా ఏ కోర్టులోనూ నిలబడదు. నాకు ఈసారి గెలవాలనుంది."

నాకూ గెలవాలనే ఉంది. అందుకని, కేవలం గెలవడం కోసమే, ఆయన తరఫు మాట నేనూ చెప్పడం మొదలుపెట్టాను. దుద్దుల మాట రోజూ చెప్పేదాన్ని. ప్రేమతో కాదు. కానీ అక్కడ చెప్పి లేచాక ఒంట్లో బరువు దిగినట్టు ఉండేది, అది ఎందుకో తెలిసేది కాదు. ఒక సాయంత్రం వాయిదా అయ్యాక గోంగూర పులుసు రెండోసారి అడిగి వేయించుకున్నాను. మా అమ్మ గరిటె పట్టుకుని నా వంక చూస్తూ ఉండిపోయింది.

సెలవు అయ్యాక పాస్టరుగారు వచ్చారు. ఆయన వెంట ఒక మనిషి లైటు మోసుకొచ్చాడు. సెలవుకి వెళ్తూ వెళ్తూ ఆయనే పక్క ఊరి కూటాలకి వాడుకోమని దాన్ని ఎరువిచ్చి, మా నాన్నకి చెప్పడం మరిచిపోయారట. మా నాన్నకి కబురు వెళ్ళింది. ఆయన బాపట్ల నుంచి రైల్లో తెనాలి వచ్చి, అక్కడ బండి మారి రేపల్లెలో దిగి ఇంటికి చేరాడు. మనిషి సగం అయ్యాడు.

ఆ సాయంత్రమే సంఘపెద్ద మా ఇంటికొచ్చాడు. లోపలికి రాలేదు. వాకిట్లో నిలబడి, పొరపాటైందిరా అబ్బాయ్, మనసులో పెట్టుకోకు అని గొంతు తగ్గించి అన్నాడు. మా నాన్న తలూపాడు. అంతటితో అయిపోయేదే. నేను గడప దాటి వాకిట్లోకి వచ్చాను.

"అందరి ముందూ అన్నావు తాతా. పొరపాటని కూడా అందరి ముందే చెప్పు" అన్నాను.

మా అమ్మ నా నోరు మూయబోయింది. నాయనమ్మ ఆమె చెయ్యి తప్పించింది.

"పిల్లని అననీయండి. అది అడిగింది పగ కాదన్నయ్యా, న్యాయం. పగేంటో నాకు తెలుసు, రోజూ నా పక్కనే కూర్చుని వింటున్నాను."

ఆయన వెళ్ళిపోయాడు. ఆ వచ్చిన ఆదివారం బల్ల. పాస్టరుగారు ముందు తన మరుపు సంగతి ఒప్పుకున్నారు. తర్వాత సంఘపెద్ద లేచి, విచారించకుండా నింద వేశానని నాలుగే మాటల్లో చెప్పాడు. చెప్పి కుర్చీలో కూర్చోలేదు. గుమ్మం దాకా నడిచి, చెప్పుల పక్కన కూర్చున్నాడు. అక్కడ కూర్చోమని ఎవరూ అనలేదు. మా నాన్న లేచి ఆయన వైపు చూడకుండా ముందుకెళ్ళి మోకరించాడు. నేను సంతోషంతో పళ్ళికిలించాను, దాచను. నాయనమ్మ నా మొహం చూసి, ఇక దావా మూసేద్దామా అని చెవిలో అడిగింది. ఇంకొక్క వాయిదా అన్నాను. సరేనంది.

బడి నాకు అయిదో తరగతితోనే ఆగిపోయింది. పెళ్ళయి తెనాలి వచ్చాక, గ్రంథాలయంలో దొరికిన పుస్తకమల్లా చదివి మిగతా చదువు నేనే సంపాదించుకున్నాను. పూర్వం బైబిలు నాటి భక్తులు కూడా శత్రువుల పళ్ళు విరగ్గొట్టమని దేవుడికి మొరపెట్టుకునేవారని అక్కడే తెలుసుకున్నాను. ఆ పేజీ దగ్గర బల్ల మీద ఒంటరిగా కూర్చుని నవ్వుకున్నాను. ఈ సంగతి మా నాయనమ్మకి ఎవరు చెప్పారో ఇప్పటికీ తెలియదు.

ఆ తర్వాత నాకు అన్యాయం చేసినవాళ్ళు చాలామందే ఉన్నారు. ఒక్కొక్కరి మీదా సాయంత్రం పూట ఫిర్యాదు పెట్టాను, ఒక్కొక్కరి తరఫునా పళ్ళు కొరుక్కుంటూ వాదించాను. కొన్నిటికి తీర్పు వచ్చింది, చాలావాటికి రాలేదు. అడిగినవాళ్ళకి ఒకటే చెబుతాను. నా పగ ఎక్కడికీ పోలేదు, చెక్కు చెదరకుండా ఉంది. కాకపోతే అది ఉండేది మా ఇంట్లో కాదు.