నోరు ఆడిస్తే చాలట

మా తమ్ముడి పెళ్ళాన్ని మా వీధిలో అందరూ మైకు అంటారు. అసలు పేరు పెట్టి పిలిస్తే తనే వెనక్కి తిరిగి చూడదు. పెళ్ళయి మా ఇంటికొచ్చిన కొత్తలో, కింద కుళాయి దగ్గర ఉన్న నన్ను మూడో అంతస్తు నుంచి "వదినా, బకెట్టు నిండిందా?" అని అడిగింది. పక్క వీధి వాళ్ళు "నిండింది" అని జవాబు చెప్పారు. ఆ రోజు పడింది ఆ పేరు.

తను బ్యాండులో పాడేది. మా తమ్ముడిది కీబోర్డు. డ్రమ్ములు వాయించే ఆయన వయసులో పెద్ద, అందరికీ బాబాయే. పెళ్ళిళ్ళు, పుట్టినరోజులు, ఆఫీసుల వాళ్ళ విందులు, ఏదైనా సరే, ఎక్కువగా ఒకటే ఫంక్షన్ హాలు. అదే హాల్లో వెనక నేను గిన్నెలు తోముతాను. తోమే చోటికీ స్టేజీకీ మధ్య ఒక్క తలుపే. అందుకని ఈ కథలో నేను చూడనిది తక్కువ, విననిదైతే అసలే లేదు.

బ్యాండు వాళ్ళకి ఒక మాట ఉంది. "తిప్పు." పాట అయిపోవస్తోంది, పెళ్ళికూతురు ఇంకా గుమ్మం దగ్గరే ఉంది అనుకోండి, మా తమ్ముడు మెల్లగా "తిప్పు" అంటాడు. అంతే, పాట మళ్ళీ పల్లవికి వెళ్ళిపోతుంది. పిల్ల చెప్పు తెగనీ, పెళ్ళికొడుకు బాత్రూములో గడియ పడి ఇరుక్కుపోనీ, మనిషి వచ్చేదాకా పాట తిరుగుతూనే ఉంటుంది. ఇంట్లో కూడా ఇదే భాష. చుట్టాలొచ్చి కూర్చున్నారు, టీ ఇంకా మరగలేదు అంటే, వంటింట్లోంచి మైకు "తిప్పు" అంటుంది. మా తమ్ముడు అప్పటిదాకా చెప్పిన కబురే మళ్ళీ మొదటి నుంచి అందుకుంటాడు. పాపం, చుట్టాలు వింటారు.

అలా నడుస్తున్న రోజుల్లో ఎవరో చెబితే, బ్యాండు వాళ్ళు సొంతంగా కట్టుకున్న నాలుగు పాటలు ఫోన్లో పాటలొచ్చే యాప్‌లో పెట్టారు. మైకు ఆ వారమంతా ఎదురొచ్చినవాళ్ళ ఫోను లాక్కుని మరీ వినిపించింది. నాకు మూడుసార్లు. మా వీధి కిరాణా కొట్టావిడ కూడా పెట్టింది. మైకు పాట అయిపోగానే దానంతటదే ఇంకో పాట మొదలైంది. అచ్చం మా వాళ్ళ పాటలాగే ఉంది, కానీ మా వాళ్ళది కాదు. దాని వెనక ఇంకోటి, దాని వెనక ఇంకోటి. మైకు పాట మళ్ళీ రాలేదు.

"ఎవరిదండీ ఇది? ఎవరు పాడారు?" అని మైకు అడిగింది.

కొట్టావిడ ఫోను వెలుతురుకి పట్టుకుని చూసి, "పాడిందెవరో రాయలేదమ్మా. ఇప్పుడివన్నీ కంప్యూటరే పాడుతుందట కదా" అంది.

"మరి మీకు ఏమీ అనిపించట్లేదా?"

"నాకేం అనిపిస్తుందే? పప్పులు తూస్తుంటే పక్కన ఏదో ఒకటి మోగుతుండాలి. అది ఎవరైతే నాకేంటి?"

ఆ ముక్క నిజంగా అన్నది. మొహం మీదే అన్నది. ఆ తర్వాత మైకు ఆ కొట్టుకి వెళ్ళడం మానేసింది. ఉప్పు కావాలన్నా రెండు వీధులు తిరిగి వెళ్ళేది. నాకు మాత్రం కొట్టావిడ మీద కన్నా ఆ యాప్ పెట్టినవాళ్ళ మీద మండింది. మనిషి పాటని గుమ్మం దగ్గర ఎరగా పెట్టి, లోపల బొమ్మల చేత పాడిస్తారా? దొంగ కూడా అంత తెలివిగా కన్నం వెయ్యడు.

సరే, అది ఫోను గోల. అసలు గోల హాలుకొచ్చింది.

ఒకరోజు మేనేజరు మా పనివాళ్ళందరినీ పిలిచి ఒక పాట వినిపించాడు. పెళ్ళివాళ్ళు అబ్బాయి పేరు, అమ్మాయి పేరు, వాళ్ళిద్దరూ ఎక్కడ కలుసుకున్నారో చెబితే చాలట, టీ తాగేలోపు కంప్యూటరే పాట కట్టి పాడేస్తుంది. మేనేజరు మొహం చూడాలి, తనే కన్నంత సంబరం.

"చూశారా? అలసిపోదు, అలగదు, ఆలస్యంగా రాదు, తిండి పెట్టక్కర్లేదు" అన్నాడు.

"అలాంటి అల్లుడుంటే చెప్పండి సార్, మా అమ్మాయికి చేసేస్తా" అన్నాను. వంటవాళ్ళు నవ్వారు. ఆయన నవ్వలేదు.

ఆ రాత్రి మా తమ్ముడు ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూ, ఎటో చూస్తూ అన్నాడు.

"వచ్చే పెళ్ళికి నోరు ఆడిస్తే చాలట."

"ఎవరు?" అంది మైకు.

"నువ్వే. పాట స్పీకర్లోంచి వస్తుంది. స్టేజీ మీద మనుషులు లేకపోతే బోసిగా ఉంటుందని మనల్ని నిలబెడతారట."

"మరి నువ్వు?"

"వేళ్ళు ఆడిస్తా. కీబోర్డుకి వైరు పెట్టరు."

"బాబాయి?"

"కర్రల చివర గుడ్డ చుట్టుకోమన్నారు."

మైకు కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వింది. నవ్వీ నవ్వీ చటుక్కున ఆపేసింది. "అంటే మనం పోయాం, శవాల్ని కుర్చీలో కూర్చోబెడతారన్నమాట."

"అంత మాటెందుకే?" అన్నాను నేను. "పోయేదేముంది? నోరు ఆడిస్తే గొంతు అరగదు, పని పోదు."

"వదినా, రేపు నిన్ను గిన్నెలు తోమొద్దు, ఊరికే పక్కన నిలబడి చేతులు ఆడించమంటే ఆడిస్తావా?"

"హాయిగా ఆడిస్తా. నడుం నొప్పి తగ్గుతుంది."

"నీతో మాట్లాడ్డం నాదే బుద్ధితక్కువ."

ఇప్పటికీ ఆ విషయంలో నా మాటే రైటు అంటాను. నడుం నొప్పి నాది కదా. కానీ మైకుకి పాట అంటే పని కాదు. స్టేజీ దిగాక తనకి తలనొప్పి, కాళ్ళనొప్పి, అలుపు అన్నీ వస్తాయి. స్టేజీ మీద ఉన్నంతసేపు ఏమీ రావు. ఆ స్టేజీ పోతుందేమోనని భయం, అలా నోరాడిస్తూ నిలబడితే ఉన్నా లేనట్టేనని ఇంకో భయం. రెండు రోజులు ఇంట్లో మూకుళ్ళు ఠంగుమన్నాయి. చివరికి "సరే, ఈ ఒక్కసారికీ" అంది.

పెళ్ళి రోజు నేను పళ్ళాలు ఒక చేత్తో పట్టుకునే తలుపు సందులోంచి చూస్తున్నాను. మైకు చేతిలో మైకు ఉంది, అది చచ్చింది. తమ్ముడు వేళ్ళు పరిగెత్తిస్తున్నాడు. బాబాయి గుడ్డలు చుట్టిన కర్రలతో, నిద్రపోతున్న పిల్లని జోకొట్టినట్టు డ్రమ్ముల మీద కొడుతున్నాడు. స్పీకర్లోంచి పాట దంచేస్తోంది. అమ్మాయీ అబ్బాయీ గుమ్మంలోంచి స్టేజీ దాకా నడిచి వచ్చేసరికి పాట అయిపోవాలి, లెక్క అది.

వాళ్ళ లెక్కలో పెళ్ళికూతురి అమ్మమ్మ లేదు. ఆవిడ మనవరాలి చెయ్యి పట్టుకుని నేనూ నడుస్తానని పట్టుబట్టింది. చేతికర్ర, మెల్లగా ఒక్కో అడుగు. హాలు సగం దాటారో లేదో పాట టక్కున అయిపోయింది.

ఒక్కసారిగా నిశ్శబ్దం. చెంచా పడ్డా వినపడుతుంది. ముసలావిడ తనేదో తప్పు చేశాననుకుని ఆగిపోయింది, చుట్టూ చూస్తోంది. మేనేజరు ఫోను పొడుస్తున్నాడు, అది తెరుచుకోవట్లేదు. ఎంత కంగారుగా పొడిస్తే అంత మొరాయిస్తోంది.

సరిగ్గా అప్పుడే బయట పూల వ్యాను ఒకటి గేటుకి అడ్డంగా ఇరుక్కుంది. వాచ్‌మన్ డ్రైవరు మీద గొంతు చించుకుంటున్నాడు. "తిప్పు! తిప్పు! ఇంకా తిప్పు!"

బాబాయికి అసలే చెవులు మందం. తిప్పు అన్నది వినపడింది, ఎవరన్నారో చూసుకోలేదు. జోకొట్టడం ఆపి, గుడ్డలతోటే ధడేల్మని దరువు ఎత్తుకున్నాడు. తమ్ముడు అలవాటు కొద్దీ మెట్లు నొక్కాడు, వైరు లేదు, కిక్కురుమనలేదు. దరువు వినపడ్డాక మైకు ఆగుతుందా? చచ్చిన మైకు దించి, ఆ పాట పల్లవే గొంతెత్తి అందుకుంది.

ఆ గొంతుకి కరెంటు ఎందుకండీ? నా చేతిలో పళ్ళాలు గలగలమన్నాయి. ముసలావిడ కర్ర చూసి మైకు పాట నిదానించింది, మైకుని చూసి బాబాయి నిదానించాడు. ఆవిడ అడుగేస్తే దరువు పడుతోంది. ఆవిడ ఆగితే పాట గాలిలో నిలబడుతోంది. మూడుసార్లు తిప్పారు పల్లవిని. ముసలావిడ స్టేజీ మెట్టు పట్టుకునేదాకా తిప్పారు. అప్పుడు ముగించారు.

చప్పట్లు కొట్టారు. నేను తడి చేతులతో కొట్టాను. ఇప్పుడు ఈ జనానికి తెలిసొస్తుంది అనుకున్నాను.

ఏం తెలిసొచ్చింది? నా మొహం.

చెయ్యి కడుక్కోడానికి పెళ్ళికూతురి పిన్ని మా వెనక వైపుకొచ్చింది. మైకు అప్పుడు నా పక్కన నిలబడి నీళ్ళు తాగుతోంది. చెమటతో తడిసిపోయి ఉంది, మొహం వెలిగిపోతోంది.

"అమ్మాయ్, మొదట్లో ఎంత బాగా పాడావో! తర్వాత కాస్త జీర వచ్చింది. అలసిపోయావా?" అంది పిన్ని.

మైకు గ్లాసు దించింది. "మొదట పాడినావిడ వేరేనండి."

"అలాగా? ఎవరు? కనపడలేదే!"

"ఆవిడ ఇంకా పుట్టలేదండి."

పిన్ని అది జోకనుకుని పగలబడి నవ్వి, మైకు భుజం తట్టి వెళ్ళిపోయింది. మైకు మొహంలో వెలుగు అంతా పోయింది. ఎవరైనా తిట్టినా ఇంత బాధ ఉండేది కాదు. తిట్టాలన్నా ముందు వినాలి కదా. హాలు నిండా జనం, అందరి చేతుల్లో ఫోన్లు, ఏది మనిషి గొంతో ఒక్కరికీ తెలియలేదు. వాళ్ళ చెవులు తీసుకెళ్ళి ఆ పూల వ్యాను కింద పెట్టాలనిపించింది నాకు.

నాలుగు రోజులకి మేనేజరు మైకుని పిలిపించాడు. గది తలుపు తీసే ఉంది, నేను బయట గిన్నెలు బోర్లిస్తున్నాను. కావాలనే అక్కడ బోర్లిస్తున్నాను.

"ఎవరు పాడమన్నారు నిన్ను?" అన్నాడు.

"పాట ఆగిపోయింది కదండీ. పెద్దావిడ నడిమధ్యలో నిలబడిపోయింది."

"వీడియో పాడైంది. పెళ్ళివాళ్ళు గొడవ చేశారు. నీ గొంతు తీసేయించి, అక్కడ కూడా మళ్ళీ ఆ పాటే అంటించాల్సొచ్చింది తెలుసా?"

"తీసేశారా?" అంది మైకు.

"తీసేశారు. ఇప్పుడు బాగుంది. చూడు, నీ మీద నాకు కోపమేం లేదు. స్టేజీ మీద బాగుంటావు, నవ్వు బాగుంటుంది. ఇకమీదట నోరు ఆడించు, గొంతు మాత్రం లోపలే ఉంచుకో. అంతే కదా?"

టేబులు మీద ఆ చచ్చిన మైకే ఉంది. తీసి ఆయన చొక్కా జేబులో నిలువునా దిగేసింది.

"నోరు నీకూ ఉంది కదా, నువ్వే ఆడించుకో" అంది. చీర కొంగు దోపుకుని నా ముందు నుంచే వెళ్ళిపోయింది. బోర్లించిన గిన్నె ఒకటి తన కాలు తగిలి దొర్లింది. దాన్ని నేను ఎత్తలేదు, మేనేజరు వచ్చి ఎత్తాడు.

మా తమ్ముడు మానలేదు. ఇప్పటికీ వెళ్ళి వైరు లేని కీబోర్డు మీద వేళ్ళు ఆడించి వస్తాడు. బాబాయి గుడ్డలు విప్పలేదు, మోచేతుల నొప్పి తగ్గిందంటాడు సిగ్గులేకుండా. ఈ విషయం మీద మొగుడూ పెళ్ళాలకి పడదు. "నువ్వొక్కదానివే మానితే లోకం ఆగిందా?" అని వాడు, "లోకం ఆగకపోతే నన్ను తొక్కుకుంటూ పొమ్మను, నా నోరు మాత్రం ఇవ్వను" అని తను. మైకు ఇప్పుడు ఇంట్లో ఇస్త్రీ చేస్తుంది. వీధి బట్టలన్నీ మా ఇంట్లోనే ఉంటాయి. పని చేస్తూ కూని రాగం కూడా తియ్యదు. పాడవేమే అంటే, "కిటికీ కింద ఎవడి ఫోను ఉందో, అందులో పడితే ఆ కంప్యూటరు దాన్నీ మింగుతుంది" అంటుంది.

మొన్న ఒక పిల్ల వచ్చింది. మైకు స్థానంలో స్టేజీ ఎక్కే పిల్ల. పగలు బట్టల కొట్లో పనిచేస్తుంది, సాయంత్రం హాల్లో నోరు ఆడిస్తుంది. చక్కటి పిల్ల, భయంగా గుమ్మం దగ్గరే నిలబడింది.

"అక్కా, ఎక్కడ నోరు తెరవాలో తెలుస్తోంది. ఎక్కడ మూయాలో తెలియట్లేదు. చేపలా ఉన్నానని మేనేజరు తిడుతున్నారు. ఎక్కడ ఊపిరి తీసుకుంటున్నట్టు చెయ్యాలో కాస్త చెప్పవా?"

తిట్టి పంపుతుందనుకున్నాను. మైకు ఇస్త్రీ పెట్టె నిలబెట్టి, "ఏదీ, పెట్టు" అంది. పిల్ల ఫోన్లో పాట పెట్టింది. మైకు కళ్ళు మూసుకుని, మణికట్టు మీద వేలితో తాళం కొట్టుకుంటూ చివరిదాకా వింది. మళ్ళీ పెట్టమంది. మళ్ళీ వింది.

"ఇందులో ఎక్కడా ఊపిరి తీసుకోలేదే" అంది. "ఇంత పొడుగు చరణం ఒక్క బిగిన పాడితే మనిషి చస్తుంది. నీ మేనేజరుకి చెప్పు, చేప నువ్వు కాదు, అదీ అని."

పిల్ల నవ్వబోయి, మైకు నవ్వట్లేదని చూసి ఆగిపోయింది. "మరి నేనేం చెయ్యాలక్కా?"

"మానెయ్."

"నేను మానేస్తే ఇంకొకత్తి వస్తుంది."

మైకు ఇస్త్రీ పెట్టె అందుకుని, వేలు తడి చేసి చుయ్ మనిపించి చూసింది. ఎవరిదో చొక్కా కాలరు పరిచింది.

"రానీ. దానికీ ఇదే చెబుతా" అంది. "వెళ్ళేటప్పుడు తలుపు దగ్గరగా వేసి వెళ్ళు."